ఆదోని, ఎమ్మిగనూరు మిద్దెల మీద ఏ సోలార్ ప్యానెల్? కొటేషన్ పక్కన పెట్టుకొని చూడండి

ఈ ఎపిసోడ్ ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ల కోసం. కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ వైపు వాళ్లకు కూడా పనికొస్తుంది. టాపిక్ ఏంటంటే, ఇంటి మిద్దె మీద సోలార్ పెట్టించేటప్పుడు ప్యానెళ్లను ఎలా పోల్చి చూడాలి.

"మంచి ప్యానెల్ ఏది?" అని యూట్యూబ్‌లో కొడితే వంద వీడియోలు వస్తాయి. ఎక్కువ భాగం హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, లేదంటే ఏకంగా గుజరాత్‌లోనో తీసినవి. మన ఎండ వేరు, మన దుమ్ము వేరు, మన పాత మిద్దెలు వేరు. పైగా నీళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు, కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసగా పెట్టుకునే ఊళ్లు మనవి. వీటన్నిటికీ ప్యానెల్‌తో సంబంధం ఉంది, అది చెబుతా.

ఇంకో మాట. ఇంట్లో సంతకం పెట్టేది నాన్నో అమ్మో. లోను వాళ్ల పేరు మీదే. కానీ వెండర్ వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్ తెరిచి చదివేది మీరే. కాబట్టి ఇది ఒక రకంగా మీ బాధ్యత. దాదాపు రెండు లక్షల వ్యవహారం, పాతికేళ్లు మిద్దె మీద ఉండే వస్తువు. నచ్చకపోతే మార్చుకోవడానికి ఇది ఫోన్ కాదు.

సరే, ప్యానెల్ దగ్గరికి వెళ్లే ముందు ఒక్క పని చేయండి. ఇంట్లో కరెంటు బిల్లులు తీయండి. ఒక్క నెలది కాదు, పన్నెండు నెలలవి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు, కూలర్లు తిరిగిన బిల్లు చూసి సైజు డిసైడ్ చేస్తే దెబ్బ తింటారు. ఎందుకో లెక్క చూడండి.

మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఆ పైన 9 రూపాయల 75 పైసలు. దీని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ అవీ ఇవీ ఉంటాయి, వాటిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

సోలార్ ఏం చేస్తుందంటే, ఈ మెట్లలో పై మెట్టును ముందు కొట్టేస్తుంది. ఖరీదైన యూనిట్లు ముందు పోతాయి, చౌకవి చివర్లో పోతాయి. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

సగటున నెలకు 300 యూనిట్లు కాలే ఇల్లు తీసుకుందాం. పై రేట్ల ప్రకారం యూనిట్లకు అయ్యేది సుమారు 1,673 రూపాయలు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన వైపు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయని లెక్కేసుకుందాం. వాన మబ్బులు, దుమ్ము అన్నీ కలుపుకొని ఇది అత్యాశ లేని లెక్క. 2 కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు. అంటే ఇంక కొనాల్సింది 60 యూనిట్లే. దానికి 147 రూపాయలు. 1,673 కాస్తా 147 అయింది. అంటే నెలకు 1,526 మిగులు.

ఇప్పుడు వెండర్ ఏమంటాడు? "3 కిలోవాట్లు పెట్టించుకోండి సార్, జీరో బిల్లు వస్తుంది" అంటాడు. నిజమే, జీరో దగ్గరికి వస్తుంది. కానీ ఆ మూడో కిలోవాట్ మీకు మిగిల్చేది ఎంత? ఆ 147 రూపాయలే. మాట వరసకు కిలోవాట్‌కు 65,000 అనుకోండి. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 సబ్సిడీ, మూడోదానికి 18,000 మాత్రమే. మొత్తం గరిష్ఠంగా 78,000. 4 పెట్టినా 5 పెట్టినా అంతే. కాబట్టి మొదటి రెండు కిలోవాట్లకు మీ చేతి నుంచి పోయేది 70,000, అది నాలుగేళ్లు తిరక్కుండానే వెనక్కి వస్తుంది. మూడో కిలోవాట్‌కు పోయేది 47,000, అది నెలకు 147 చొప్పున వెనక్కి రావడానికి 26 ఏళ్లు పైనే పడుతుంది. మిగులు యూనిట్లు గ్రిడ్‌కు పోతాయి కదా అంటారా? పోతాయి. కానీ వాళ్లు ఇచ్చే రేటు మనం పై మెట్టులో కొనే రేటు కాదు, బాగా తక్కువ.

అదే ఏసీ ఉండి సగటున 400 యూనిట్లు కాలే ఇల్లయితే కథ మారుతుంది. అక్కడ 2 కిలోవాట్లు పెట్టాక కూడా 160 యూనిట్లు మిగులుతాయి, అంటే 627 రూపాయలు. మూడోది పెడితే అది 87కు దిగుతుంది. నెలకు 540 ఆదా, ఏడేళ్ల చిల్లరలో డబ్బు తిరిగొస్తుంది. కాబట్టి "3 కిలోవాట్లు అందరికీ బెస్ట్" అనేది అమ్మేవాడి మాట. మీ బిల్లు ఏం చెబుతుందో అదే మీ సైజు. వచ్చే ఏడాది ఏసీ కొనేది ఖాయం అనుకుంటే అది కూడా కలుపుకోండి, కోరికను మాత్రం కలుపుకోకండి.

నెలకు 100 యూనిట్ల లోపు కాలే ఇల్లయితే? బిల్లే మూడొందలు. లోను తీసుకొని సోలార్ పెట్టాల్సిన తొందర లేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే కార్యక్రమం రాష్ట్రంలో ఉంది, బీసీలకు కేంద్ర సబ్సిడీ మీద 20,000 వరకు అదనం అని ప్రకటించారు. మీకు వర్తిస్తే డబ్బు కట్టే ముందే మన డిస్కం, అంటే ఎస్పీడీసీఎల్ ఆఫీసులో అడగండి. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇళ్ల వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చేనేత ఇళ్లకు నెలకు 200 యూనిట్లు ఉచితం అని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. అది మీ బిల్లులో కనబడుతుంటే, ఉచితంగా వచ్చే యూనిట్లను మిగుల్చుకోవడానికి అప్పు చేయడంలో అర్థం లేదు కదా. ముందు బిల్లు, తర్వాతే ప్యానెల్.

ఇప్పుడు ప్యానెల్ దగ్గరికి వద్దాం.

కొటేషన్‌లో మీకు మూడు పేర్లు కనిపిస్తాయి. పాలీ, మోనో పెర్క్, టాప్‌కాన్. పాలీ అంటే నీలం రంగులో మెరిసే పాతతరం ప్యానెల్. కొత్తగా పెట్టేవాళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు. అసలు పోటీ మోనో పెర్క్‌కు, టాప్‌కాన్‌కు మధ్యే. హెచ్‌జేటీ అని ఇంకోటి ఉంది, వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది, కానీ మన ఊళ్లలో వెండర్ల దగ్గర దాని మాట వినబడేది తక్కువ.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో మన ఎండలోనే తెలుస్తుంది. ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసి ఉంటుంది చూడండి, అది ల్యాబ్‌లో ప్యానెల్ లోపలి సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. ఆదోనిలో మే నెల మిట్ట మధ్యాహ్నం 25 డిగ్రీలు ఎక్కడుంటాయండీ? గాలే 42 ఉన్నప్పుడు, మిద్దె మీద ఎండకు కాగే ప్యానెల్ సెల్ 70 డిగ్రీల దగ్గరికి పోతుంది. చెయ్యి పెట్టలేం. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. వెలుతురు ఎక్కువైతే కరెంటు ఎక్కువ, వేడి ఎక్కువైతే కరెంటు తక్కువ. మనకు రెండూ కలిసే వస్తాయి, అదీ సంగతి.

ఎంత తగ్గుతుంది అనేది ప్యానెల్ డేటాషీట్‌లో "టెంపరేచర్ కోఎఫిషియంట్" అనే లైన్‌లో ఉంటుంది. పీమ్యాక్స్ పక్కన మైనస్ గుర్తుతో ఉంటుంది. మోనో పెర్క్‌కు డిగ్రీకి 0.35 శాతం చుట్టూ, టాప్‌కాన్‌కు 0.30 చుట్టూ. 25 నుంచి 70కి అంటే 45 డిగ్రీలు. పెర్క్ దాదాపు 15.75 శాతం పోగొట్టుకుంటుంది, టాప్‌కాన్ 13.5 శాతం. 540 వాట్ల పెర్క్ ప్యానెల్ ఆ మధ్యాహ్నం 455 ఇస్తే, అదే 540 వాట్ల టాప్‌కాన్ 467 ఇస్తుంది. ప్యానెల్‌కు 12 వాట్ల తేడా.

ఆరు ప్యానెళ్లకు 72 వాట్లు. అలాంటి కాగే ఎండ రోజుకు ఐదు గంటలు అనుకుంటే రోజుకు మూడో వంతు యూనిట్, నెలకు పది యూనిట్ల చిల్లర. అది కూడా ఎండాకాలం నెలల్లోనే. డిసెంబర్‌లో తేడా ఇంకా తగ్గిపోతుంది. అంటే టాప్‌కాన్ మంచిదే, అందులో డౌట్ లేదు. కానీ "మన ఎండకు టాప్‌కాన్ తప్ప వేరేది పనికిరాదు" అని 20,000 ఎక్కువ అడిగితే మాత్రం ఒప్పుకోకండి. తేడా మొత్తం మీద మూడు నాలుగు వేలయితే కళ్లు మూసుకొని టాప్‌కాన్ తీసుకోవచ్చు అని నా అభిప్రాయం. ఎందుకంటే ఇంకో లాభం ఉంది. వయసు మీద పడే కొద్దీ తగ్గుదల. పెర్క్ వారంటీ కాగితాల్లో సాధారణంగా మొదటి ఏడాది 2 శాతం, తర్వాత ఏటా 0.55 శాతం తగ్గుతుందని ఉంటుంది. 25వ ఏడాదికి 84.8 శాతం. టాప్‌కాన్‌లో మొదటి ఏడాది 1 శాతం, తర్వాత ఏటా 0.4 శాతం. 25వ ఏడాదికి 89.4 శాతం.

వేడి విషయంలో ప్యానెల్ రకం కంటే ఎక్కువ పనిచేసేది ఒకటుంది, అది ఫ్రీ. ప్యానెల్ కింద గాలి ఆడే ఖాళీ. రేకుల షెడ్డు మీద ప్యానెల్‌ను అతికించినట్టు పెడితే కింది వేడి, పై వేడి రెండూ దానికే. కాస్త ఎత్తు లేపితే కింద గాలి తిరిగి చల్లబడుతుంది. ఆ ఖాళీ గురించి అడగని వాళ్లు కంపెనీ పేరు గురించి గంట వాదిస్తారు.

బైఫేషియల్ అని ఇంకో మాట వింటారు. రెండు వైపులా గాజు, వెనక వైపు పడే వెలుతురును కూడా వాడుకునే రకం. వెనక్కి వెలుతురు తగలాలంటే కింద మిద్దె తెల్లగా ఉండాలి, ప్యానెల్ ఎత్తులో ఉండాలి. మనవాళ్లు ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండాలని మిద్దెకు సున్నం కొడతారు కదా, అది ఇక్కడ కలిసొస్తుంది. నల్లగా పాచి పట్టిన మిద్దె మీద అడుగు ఎత్తులో పెట్టి "వెనక నుంచి 25 శాతం అదనం" అంటే నమ్మకండి. ఇంకోటి, రెండు గాజుల ప్యానెల్ ఒక్కోటి 30 కిలోల పైనే ఉంటుంది. మిద్దె సంగతి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికి వస్తా.

డీసీఆర్. ఈ మూడక్షరాలు గుర్తుపెట్టుకోండి, డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. సబ్సిడీ రావాలంటే ప్యానెల్ ఒక్కటే ఇండియాలో బిగిస్తే చాలదు, లోపలి సెల్ కూడా ఇండియాలో తయారై ఉండాలి. దాన్నే డీసీఆర్ ప్యానెల్ అంటారు. బయటి నుంచి సెల్ తెచ్చి ఇక్కడ ఫ్రేమ్ వేసినది నాన్ డీసీఆర్. అది చౌక. చూడ్డానికి రెండూ ఒకటే, కంపెనీ కూడా ఒకటే అయి ఉండొచ్చు. వారీ, అదానీ, టాటా పవర్, విక్రమ్, మన హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్, ఎవరి పేరు చెప్పినా సరే, "ఆ కంపెనీదే కదా" అని ఊరుకోకండి. ఆ కంపెనీలో డీసీఆర్ మోడలా కాదా అనేది ప్రశ్న. కొటేషన్‌లో ఆ మాట రాతలో ఉండాలి. మోడల్ నంబర్ పూర్తిగా ఉండాలి. ప్యానెళ్లు లారీ దిగిన రోజు, మిద్దె ఎక్కించక ముందే, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబర్ ఫోటో తీసుకోండి. పైన బిగించాక వెనక్కి దూరి తీయడం కష్టం. ఆ నంబర్లు డీసీఆర్ సర్టిఫికెట్‌లో ఉన్న నంబర్లతో కలవాలి. వీటిని ఆన్‌లైన్‌లో సరిచూడ్డానికి జాతీయ సౌరశక్తి సంస్థ, అంటే నైస్, పోర్టల్ కూడా ఉంది. పావుగంట పని. సబ్సిడీ వచ్చేది పని అంతా అయ్యి, నెట్ మీటర్ పెట్టి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలోకి. అప్పుడు నంబర్లు కలవలేదని తేలితే ప్యానెళ్లు మీ మిద్దె మీద, డబ్బు వెండర్ జేబులో.

ఇప్పుడు రెండు కొటేషన్లు పక్కపక్కన పెడదాం. ఇవి ఉదాహరణకు నేను వేసుకున్న అంకెలు. మొదటిది, 540 వాట్లవి 6 ప్యానెళ్లు, 1,95,000. రెండోది, 585 వాట్లవి 5 ప్యానెళ్లు, 1,85,000. ఇంట్లో అందరూ రెండోదే అంటారు. పది వేలు తక్కువ, పైగా "పెద్ద వాట్ల ప్యానెల్". మొత్తం వాట్లు కట్టండి. మొదటిది 3,240 వాట్లు, వాట్‌కు 60 రూపాయలు. రెండోది 2,925 వాట్లు, వాట్‌కు 63 రూపాయలు. తక్కువ అనుకున్నదే ఎక్కువ. అంతేకాదు, సబ్సిడీని ప్యానెళ్ల కెపాసిటీ, ఇన్వర్టర్ కెపాసిటీ రెండింట్లో ఏది తక్కువైతే దాని మీద లెక్కేస్తారు. రెండో దాంట్లో మూడు కిలోవాట్లు నిండనే లేదు. ఇంకా చూడండి, ఒకరు స్ట్రక్చర్, ఎర్తింగ్, పిడుగు రాడ్డు, నెట్ మీటర్ ఖర్చు అన్నీ కలిపి రాస్తారు. ఇంకొకరు అవన్నీ తర్వాత "ఎక్స్‌ట్రా" అంటారు. సోలార్ సామాన్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. పాత రేటుతో వేసిన కొటేషన్ ఇంకా తిరుగుతుంటే అడగండి.

మిద్దె విషయం. దీని మీద కాసేపు ఆగుతా, ఎందుకంటే బయటి వీడియోల్లో ఇది ఉండదు.

కొత్త కాలనీల్లో అందరివీ సిమెంటు స్లాబులు, ఇబ్బంది లేదు. కానీ ఆదోని పాత పేటల్లో, ఎమ్మిగనూరు పాత వీధుల్లో, చుట్టూ పల్లెల్లో ఇంకా బండల మిద్దెలు, మట్టి మిద్దెలు ఉన్నాయి. కింద దూలాలు, పైన నాపరాళ్లు, దాని మీద మట్టో, సున్నమో, సిమెంటో. పైనుంచి చూస్తే స్లాబులాగే ఉంటుంది. వెండర్ మనిషి వచ్చి డ్రిల్ పెట్టి యాంకర్ బోల్టు కొడితే నాపరాయి చీలుతుంది. ఆ రోజు కనబడదు. మొదటి వానకు కింద గదిలో కారుతుంది, ఆ తర్వాత బండే జారినా ఆశ్చర్యం లేదు. సిమెంటు దిమ్మెలు పేర్చి వాటి మీద నిలబెడదాం అంటారు. నాలుగు ప్యానెళ్లే 120 కిలోలు, దానికి ఇనుము, దానికి దిమ్మెలు కలిపితే అన్నీ ఏళ్లనాటి దూలాల మీదే పడతాయి. ఇలాంటి ఇంటికి దారి ఒక్కటే. బరువు బండ మీద పడకుండా, ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప దూలం వేసి దాని మీద స్ట్రక్చర్ ఎత్తడం. గోడ కూడా అంత బరువు ఆపుతుందా అని ఊళ్లో అనుభవం ఉన్న మేస్త్రీకి చూపించండి, సోలార్ వాళ్ల మాట ఒక్కటే నమ్మొద్దు. కుదరదంటే కుదరదు. ఏ ప్యానెల్ మంచిది అనే ప్రశ్నే ఆ ఇంటికి అనవసరం. సిమెంటు రేకుల ఇల్లయితే కూడా అంతే, రేకు మీద బరువు వేయకూడదు.

స్లాబు ఉన్నవాళ్లకు ఇంకో ప్రశ్న వస్తుంది. మిద్దె మనకు ఖాళీ జాగా కాదు కదా. ఎండుమిరపకాయలు, వడియాలు అక్కడే, ఎండాకాలం రాత్రి చాపలు అక్కడే. అందుకని చాలామంది ఏడెనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతున్నారు. మంచిదే, కింద నీడ, గది కూడా చల్లబడుతుంది. కానీ ఎత్తు పెరిగే కొద్దీ గాలి. మన బయలు నేలల్లో ఆషాఢం గాలి ఎలా కొడుతుందో తెలుసు కదా. ఆరు ప్యానెళ్లంటే పదిహేను చదరపు మీటర్లకు పైగా రెక్క. తెరచాప కట్టినట్టే. పైపు మందం ఎంత, హాట్ డిప్ గాల్వనైజింగ్ 80 మైక్రాన్లు ఉందా, వెల్డింగ్ చేసిన చోట తుప్పు పట్టకుండా ఏం పూస్తున్నారు, ఇవి అడగండి. ప్యానెల్‌కు పాతికేళ్ల గ్యారంటీ ఇచ్చి, అయిదేళ్లలో తుప్పు పట్టే కాళ్ల మీద నిలబెడితే, పైన పటారం లోన లొటారం.

వాలు దక్షిణం వైపు 15 డిగ్రీల చుట్టూ ఉంటే చాలు. ఆదోని ఉండేది ఉత్తర అక్షాంశం పదిహేనున్నర డిగ్రీల దగ్గర. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరం వైపే ఉంటాడు, కాబట్టి ఎక్కువ వాలు పెట్టి లాభం లేదు. మరీ పడుకోబెట్టినా కుదరదు, వాన నీళ్లు జారక కింది అంచున బురద గీత కడుతుంది. నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, పక్కింటి మేడ, వీటి నీడ డిసెంబర్‌లో ఉదయం, సాయంత్రం ఎక్కడిదాకా పడుతుందో చూసుకోండి. ఎండాకాలంలో కొలిచి పెట్టేస్తే చలికాలంలో సగం ప్యానెల్ నీడలో ఉంటుంది.

ఇక దుమ్ము. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లకు పత్తి సీజన్ వస్తే తెలుసు, దూది నుసి ఎగిరొచ్చి రాత్రి మంచుకు ప్యానెల్ మీద అతుక్కుంటుంది. మిగతా కాలం రేగడి దుమ్ము, రోడ్డు దుమ్ము ఉండనే ఉంటుంది. ఇందాక టాప్‌కాన్‌కు, పెర్క్‌కు మధ్య రెండు శాతం తేడా అన్నాను కదా. నెల రోజులు తుడవని ప్యానెల్ ఆ రెండు శాతాన్ని ఎప్పుడో మింగేస్తుంది. "మీ ఫోన్ స్క్రీన్‌ను తుడిచినట్టు" అని చెప్పాలనుంది కానీ, అంత తరచుగా అక్కర్లేదులెండి. వానలు లేని కాలంలో పది, పదిహేను రోజులకోసారి చాలు, జిన్నింగ్ సీజన్‌లో ఇంకా ముందే.

నీళ్లు ఎక్కడివి అంటారా? బకెట్, రెండు బకెట్లు, మెత్తటి మాప్ ఉంటే అయిపోతుంది. పైపు పెట్టి కడగక్కర్లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి ఆరనివ్వకండి, తెల్ల మరకలు గాజుకు పట్టేస్తాయి. ఆర్‌వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు వాడదాం అనుకుంటారు, వద్దు, ఉప్పంతా ఉండేది వాటిలోనే. తెల్లారి, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కాగిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు, పైకి ఏమీ కాకపోయినా లోపల సెల్‌లో కంటికి కనబడని చీలికలు వస్తాయి. అందుకే డిజైన్ వేసేటప్పుడే చెప్పండి, చెయ్యి అందేలా మధ్యలో నడిచే దారి వదలమని. ఏడెనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ కావాలన్నవాళ్లు, దాన్ని ఎవరు ఎక్కి తుడుస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. అమ్మ అయితే మాత్రం ఆ డిజైన్ వద్దు.

ఒక ముఖ్యమైన సంగతి. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టాక కరెంటు పోతే మీ ఇంట్లో కూడా పోతుంది. మండుటెండలో, ప్యానెళ్లు పైన ఉండగానే. లైను మీద పనిచేసే లైన్‌మెన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, అలాగే ఉండాలి. కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, ఖర్చు వేరే. కొనక ముందే ఇంట్లో అందరికీ ఇది చెప్పండి, లేకపోతే మొదటి పవర్ కట్ రోజు మీకు అక్షింతలు పడతాయి.

వారంటీలో రెండు ఉంటాయి. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు అని పెద్ద అక్షరాల్లో రాసేది పర్ఫార్మెన్స్ వారంటీ, కరెంటు ఇంత తగ్గకుండా వస్తుందని. ప్యానెల్ వస్తువుగా పాడైతే, ఫ్రేమ్ విడిపోయినా, వెనక బాక్స్ కాలినా, పనికొచ్చేది ప్రోడక్ట్ వారంటీ. అది చాలావాటికి 10, 12 ఏళ్లు. ఎక్కువ మంది చూడనిది అదే. ఇన్వర్టర్ వారంటీ ఇంకా తక్కువ ఉంటుంది, ఎన్నేళ్లో రాయించుకోండి. సూర్యఘర్ కింద పెట్టిన వెండర్ అయిదేళ్లు మెయింటెనెన్స్ చూడాలి, ఫోన్ ఎత్తే మనిషి కర్నూలులో ఉన్నాడా, ఆదోనిలోనే ఉన్నాడా అన్నది అక్కడ తేడా తెస్తుంది. సముద్రపు ఉప్పు గాలికి తట్టుకునే సర్టిఫికెట్ ఉంది, అందుకే రేటు ఎక్కువ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మనకు సముద్రం ఎక్కడుంది?

ఆఖరుగా ఫోన్ పని. ఇన్వర్టర్ యాప్ లాగిన్ మీ నంబర్‌తో చేయించుకోండి, వెండర్ నంబర్‌తో కాదు. మొదటి నెల రోజూ సాయంత్రం ఎన్ని యూనిట్లు వచ్చాయో చూడండి. 2 కిలోవాట్ల సిస్టమ్ మబ్బు లేని రోజున 6 యూనిట్లు కూడా ఇవ్వకపోతే మర్నాడే ఫోన్ చేయండి, స్క్రీన్‌షాట్ పెట్టండి. చివరి వాయిదా డబ్బు ఇవ్వకముందే ఇవన్నీ చూసుకోవాలి.

మీ దగ్గర కొటేషన్ ఉంటే పేరు, ఫోన్ నంబర్ చెరిపేసి కామెంట్‌లో పెట్టండి. మోడల్ నంబర్, మొత్తం వాట్లు, మీ పన్నెండు నెలల యూనిట్లు, మిద్దె స్లాబా, బండలా, ఈ నాలుగూ రాస్తే చాలు. వచ్చే ఎపిసోడ్‌లో ఇన్వర్టర్లు, బ్యాటరీల సంగతి చూద్దాం. ఉంటా మరి.